కార్తీకంలో బాత్రూం పగలగొట్టాల్సి వస్తే: నల్లకుంట ఫ్లాట్‌లో ఒక వారం పని

పాత ఫ్లాట్లలో చెమ్మ, బాత్రూం, వంటింటి రిపేర్లు చేయించడం నా వృత్తి. ఈ పనుల్లో చాలావరకు ఇంట్లో మనుషులు ఉండగానే చేయాలి. హైదరాబాద్ నల్లకుంటలో చేసిన ఈ పనిని వివరంగా రాయడానికి కారణం అందులో కొత్త టెక్నిక్ ఏదో వాడామని కాదు. ఆ ఇంటి దినచర్యని, సిమెంటు ఆరే టైముని పక్కపక్కన పెట్టి షెడ్యూల్ వేసుకుంటే వారంలో ఎంత పని సాగుతుందో ఇందులో స్పష్టంగా కనిపించింది.

ఇల్లు, మనుషులు

1990లలో కట్టిన అపార్ట్‌మెంట్. రెండో అంతస్తులో రెండు పడగ్గదుల ఫ్లాటు, సుమారు వెయ్యి చదరపు అడుగులు. ఇంట్లో డెబ్బై దాటిన పెద్దావిడ, బ్యాంకులో పనిచేసే కొడుకు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కోడలు, ఆరో తరగతి మనవరాలు. బాత్రూములు రెండు. ఒకటి కొడుకు, కోడళ్ల గదికి అటాచ్డ్. రెండోది హాలు పక్కన కామన్ బాత్రూం. పెద్దావిడ వాడేది అదే. నేల మట్టం టాయిలెట్ కావడంతో మోకాళ్ల నొప్పులతో లేవలేక, తలుపు గడియ పట్టుకుని లేస్తోంది.

నన్ను పిలిపించింది మాత్రం ఆవిడ మోకాళ్లు కాదు, కింది ఫ్లాటు వాళ్ల సీలింగ్. పెచ్చులు ఊడి పడుతున్నాయి, ఒకచోట తుప్పు పట్టిన ఊచ బయటికి కనిపిస్తోంది. గొడవ అసోసియేషన్ మీటింగ్ దాకా పోయింది. కార్తీక మాసం పోయాక చేద్దామని కొడుకు అడిగాడు. కింద చిన్న పిల్లలున్నారు, పెచ్చు ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం. పైగా నవంబరులో గాలి పొడిగా ఉంటుంది, వాటర్‌ఫ్రూఫింగ్ పూతలు బాగా ఆరతాయి. అందుకే ఆగొద్దన్నాను.

నీళ్లు ఎక్కడి నుంచి

సీలింగ్‌లో చెమ్మ కనపడగానే టైల్స్ సందుల్లో వైట్ సిమెంటు నింపించడం మన దగ్గర అలవాటు. ఈ ఇంట్లోనూ అంతకుముందు ఒకటికి రెండుసార్లు నింపించారు. కొన్నాళ్లు తగ్గినట్టే ఉంటుంది, మళ్లీ మొదలవుతుంది.

లీకు మూడు చోట్ల ఉండొచ్చు. నీళ్లు వచ్చే పైపు, నీళ్లు పోయే పైపు, లేదా నేల. వచ్చే పైపులో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఎవరూ వాడకపోయినా రాత్రీ పగలూ కారుతూనే ఉంటుంది. పోయే పైపు అయితే వాడినప్పుడే కారుతుంది. నేల అయితే స్నానాలైన కొన్ని గంటలకి చెమ్మ పెరుగుతుంది. వినడానికి తేలికే. కానీ ఆ కాలపు బాత్రూముల్లో స్లాబుని మిగతా ఇంటికన్నా ముప్పావు అడుగో, అడుగో కిందికి దించి పోసేవాళ్లు. ఆ గుంటలో పైపులు పరిచి, ఇటుక ముక్కలు నింపి, పైన కాంక్రీటు వేసేవాళ్లు. ఏళ్ల తరబడి నీళ్లు తాగిన ఆ ఇటుక ముక్కలు కారణం ఏదైనా చెమ్మని ఒకేలా కిందికి వదులుతుంటాయి.

అందుకని మొదట కింది సీలింగ్ మీద చెమ్మ అంచు వెంబడి పెన్సిలుతో గీసి, పక్కన తేదీ వేశాం. పైన బాత్రూం గేట్ వాల్వు రాత్రంతా కట్టేశాం. చెమ్మలో తేడా లేదు. తర్వాత నేల తడవకుండా పైపు పెట్టి, రంగు కలిపిన నీళ్లని నేరుగా నేల నీళ్లు పోయే రంధ్రంలోకి, అంటే నహానీ ట్రాప్‌లోకి వదిలాం. మర్నాటికి కూడా కింద రంగు జాడ లేదు. ఆ తర్వాత ట్రాప్‌లో బట్ట కుక్కి, వేరే రంగు నీళ్లు నేల మీద నిలబెట్టాం. మర్నాడు మధ్యాహ్నానికి కింద సరిగ్గా డ్రైనేజీ పైపు చుట్టూ లేత గులాబీ మరక కనిపించింది. అంటే పైపు లోపలంతా బాగానే ఉంది. పైపు బయటి వైపు, కాంక్రీటు దానికి అతుక్కోవాల్సిన చోట సందు ఉంది. నేల మీద పోసిన నీళ్లు ఆ సందు వెంటే దిగుతున్నాయి.

ఈ సందుని పైనుంచి టైల్స్ సందుల్లో నింపే ఏ గ్రౌటూ మూయలేదు. గుంట అడుగు దాకా తవ్వాల్సిందే. ఎలాగూ తవ్వుతున్నాం కాబట్టి బోరు నీళ్లకి తుప్పు పట్టిన జీఐ (జింకు పూత ఇనుప) పైపులు తీసేయడం, వెస్ట్రన్ కమోడ్ పెట్టడం కూడా పనిలో చేర్చాం. వంటింట్లో సింకు కింద కారి చెక్క అల్మరా అడుగు ఉబ్బిపోయిందని కోడలు చూపించింది. అదీ చేరింది.

క్యాలెండర్ ముందు కూర్చుని

పెద్దావిడ మొదటి ప్రశ్నే తిన్నగా అడిగింది. "వారంల అయితదా బిడ్డా?"

"బాత్రూం మొత్తం వారంలో కాదమ్మా. మోత, దుమ్ము, కూల్చుడు మాత్రం వారంలో అయిపోతది. టైల్స్ ఆ తర్వాత నిదానంగా."

"కార్తీకం నడుస్తుంది. నేను నాలుగున్నరకు లేస్త. తానం ఏడ చేయాలె? దీపం ఏడ పెట్టాలె?"

ఈ రెండు ప్రశ్నలతోనే షెడ్యూల్ మొదలైంది. అటాచ్డ్ బాత్రూం ఉంది కదా అని కొడుకు అన్నాడు. నాలుగున్నరకి కొడుకూ కోడలూ పడుకున్న గదిలోంచి వెళ్లి స్నానం చేయడం ఆవిడకి ఇష్టం లేదు. నోరు తెరిచి చెప్పదు, చల్లటి నీళ్లతో వాష్ ఏరియాలో కానిచ్చేస్తుంది. అందుకే ఆ వారం గదులు మార్చుకోమన్నాను. నానమ్మ, మనవరాలు అటాచ్డ్ గదిలోకి, కొడుకూ కోడలూ ఇవతలి గదిలోకి. పక్కబట్టలు, మందుల డబ్బా, స్కూలు బ్యాగు ముందు రోజు సాయంత్రమే మారిపోయాయి.

దీపం సంగతి ఇంకో రకం. టైల్స్ కోసే మిషన్ బాల్కనీలో పెడదామని మేస్త్రీ ముందే చోటు చూసుకున్నాడు. తులసి కోట ఉన్నది ఆ బాల్కనీలోనే. మిషన్ టెర్రస్ మీదికి పోయింది. ఇసుక సంచులు కూడా అక్కడే. మెట్లెక్కి దిగాలని మేస్త్రీ కాస్త సణిగాడు. దుమ్ము ఇంట్లోకి రాకపోవడం చూశాక ఆ సణుగుడు ఆగింది.

గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్ తీసి టేబుల్ మీద పెట్టుకుని మిగతావాళ్ల టైములు రాశాం. కోడలికి సోమ, బుధ, గురువారాలు ఆఫీసు. మంగళ, శుక్రవారాలు ఇంటి నుంచే పని, పొద్దున పదకొండు నుంచి వరుసగా కాల్స్. పాప నాలుగున్నరకి స్కూలు నుంచి వస్తుంది, పరీక్షలు దగ్గరలో ఉన్నాయి. ఆ వారం రెండో శనివారం పడింది, బ్యాంకుకి సెలవు, కొడుకు ఇంట్లోనే. ఆదివారం వాళ్ల బ్యాంకు వాళ్ల వనభోజనాలు, శామీర్‌పేట వైపు ఒక తోటలో, ఇల్లు ఖాళీ. కార్తీక సోమవారం పెద్దలు ముగ్గురికీ ఉపవాసం, చుక్కలు చూశాకే భోజనం. జలమండలి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. బట్టలు ఉతకడం ఆ రోజుల్లోనే.

దాని పక్కనే నా లెక్క రాశాను. కూల్చడం, గోడలు కోయడం ఒక రోజు, భరించలేని మోత. పైపుల పని ఒక రోజు, చప్పుడు తక్కువ. పూత ఒక రోజు, అసలు చప్పుడే ఉండదు. పూత ఆరడానికి 48 గంటలు, ఆ తర్వాత నీళ్లు నిలబెట్టి చూడటానికి 24 గంటలు. అంటే మూడు రోజులు ఆ బాత్రూంలో మనిషి పనే లేదు. మామూలుగా కాంట్రాక్టర్లకి చిరాకు తెప్పించేవి ఈ మూడు రోజులే. మనుషులు ఖాళీగా ఉంటారు, కూలీ దండగవుతుంది, వేరే సైటుకి పోయినవాళ్లు తిరిగి రారు. అందుకే పూత రాసిన సాయంత్రానికే నీళ్లు పోసి, "చూశారా, కారట్లేదు" అని చూపించేసేవాళ్లున్నారు. ఆ మూడు రోజులు ఈ ఇంటికి ఏ రోజుల్లో పడితే మంచిదో ముందు వెతికాను. శనివారం సాయంత్రం నుంచి మంగళవారం సాయంత్రం వరకు చక్కగా కుదిరింది. అక్కడి నుంచి వెనక్కి లెక్కేస్తే కూల్చడం గురువారం.

ఇంకో షరతు కూడా పెట్టాను. కావాల్సిన సామాను మొత్తం ఇంటికి చేరాకే సుత్తి పడుతుంది. ట్యాపులు, ట్రాపులు, పైపులు ట్రూప్ బజార్‌లో తీసుకున్నాం. టైల్స్ లెక్కకి పదో వంతు అదనంగా, అన్ని పెట్టెలూ ఒకే బ్యాచ్ నంబర్‌వి. కమోడ్ మాత్రం ఆఫర్ ఉందని కొడుకు ముందే కొనేశాడు. దాని అడుగు రంధ్రానికి గోడ నుంచి 12 అంగుళాలు కావాలి, పైపు ఉన్నది 9 అంగుళాల దగ్గర. పెట్టె విప్పలేదు కాబట్టి షాపు వాళ్లు మార్చిచ్చారు. కొలత తీసేటప్పుడు ఒక సంగతి చూసుకోవాలి. టైలు, దాని వెనక సిమెంటు కలిపి గోడ దాదాపు అంగుళం ముందుకొస్తుంది. ఉత్త గోడ నుంచి కొలిస్తే ఆ అంగుళం దగ్గరే దెబ్బతింటాం.

గురువారం, శుక్రవారం

గురువారం పొద్దున పాప బస్సెక్కాక, కోడలు క్యాబెక్కాక పని మొదలైంది. హాలు నుంచి గుమ్మం దాకా నేల మీద మందపాటి ప్లాస్టిక్, దాని మీద తడి గోనెపట్టాలు. మిగతా గదుల తలుపు సందులకి టేపు. టీవీకి, దేవుడి అల్మరాకి పాత దుప్పట్లు. పెద్దావిడని పక్క ఫ్లాటు వాళ్లు పిలుచుకుపోయారు.

గుంట ఏడడుగుల పొడవు, నాలుగున్నర వెడల్పు, ముప్పావు అడుగు లోతు. అందులోంచి బయటికొచ్చిన తడి ఇటుక ముక్కలే టన్ను పైన. లిఫ్టులో మట్టి సంచులు వద్దని అసోసియేషన్ రూలు, అది సరైన రూలే. రెండంతస్తులు మెట్ల మీదుగా మోశారు. "ఇదే మట్టి కడిగి మళ్లీ నింపుదాం సార్, మోసుడు తప్పుతది" అని మేస్త్రీ అన్నాడు. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. పగిలిన టైలు పెంకులు కొత్త పూతని కోస్తాయి, పాత సున్నం, మట్టి నీళ్లని పట్టి ఉంచుతాయి. వద్దన్నాను.

మట్టి తీసుకుపోయే ఆటో ట్రాలీకి బిల్లులో ఎప్పుడూ విడిగా లైను వేస్తాను. కట్టడాల వ్యర్థాల మీద 2016 నుంచి కేంద్రం నిబంధనలు ఉన్నాయి, మన సిటీలో జీడిమెట్ల, ఫతుల్లాగూడలో రీసైక్లింగ్ ప్లాంట్లు ఉన్నాయి. డ్రైవరుకి దూరానికి తగ్గ కిరాయి ఇవ్వకపోతే ఆ మట్టి రాత్రికి రాత్రి ఏ నాలా ఒడ్డునో తేలుతుంది.

గోడల్లో పైపుల గాడి కోయడం కూడా అదే రోజు కానిచ్చాం, ఎందుకంటే మర్నాడు కోడలు ఇంట్లో ఉంటుంది. బాత్రూంకి, హాలుకి మధ్య గోడ నాలుగున్నర అంగుళాలదే. అలాంటి గోడలో అడ్డంగా పొడుగాటి గాడి కోస్తే గోడ బలం పోతుంది. పైపులన్నీ పైనుంచి నిలువుగానే దించాం, కాస్త పైపు ఎక్కువైనా సరే. నాలుగింటికి మిషన్లు ఆపేశాం. పాప వచ్చేసరికి ఆడమనిషి ఒకామె హాలు తుడుస్తోంది.

శుక్రవారం సీపీవీసీ (వేడి నీళ్లకీ తట్టుకునే ప్లాస్టిక్) పైపులు వేశారు. చప్పుడంతా పైపు కోసే రంపానిదే. కోడలు తలుపేసుకుని కాల్స్ కానిచ్చింది. ఒక్కసారి మాత్రం బయటికొచ్చి, "ఆ గమ్ వాసన వస్తోంది సార్" అంది. కిటికీ దగ్గర ఫ్యాను బయటికి తిప్పి పెట్టాం. గమ్ ఆరడానికి డబ్బా మీద రాసిన టైము ఇచ్చి, శనివారం పొద్దున్నే చేతి పంపుతో ఒత్తిడి ఎక్కించి గేజి చూశాం. మధ్యాహ్నం దాకా ముల్లు కదల్లేదు.

శనివారం: ట్రాప్ మెడ

ఈ పనిలో అసలు పని ఇదే.

పీవీసీ పైపు నున్నగా ఉంటుంది. సిమెంటు దానికి అతుక్కోదు. చుట్టూ ఉన్నట్టే కనిపిస్తుంది కానీ ఆరాక వెంట్రుకవాసి సందు వదిలేస్తుంది. ముప్పై ఏళ్లుగా ఈ ఇంట్లో నీళ్లు దిగింది ఆ వెంట్రుకవాసి సందులోంచే. అందుకని కొత్త పైపు స్లాబుని దాటే చోట చుట్టూ ముతక ఉప్పు కాగితంతో గరుకు చేయించాను. దాని మీద పైపు గమ్ రాసి, అది తడిగా ఉండగానే జల్లించిన ముతక ఇసుక చల్లించాను. గమ్ ఆరాక ఇసుక పైపుకి అతుక్కుని పైపు ఒళ్లంతా గరుకుగా తయారవుతుంది. ఇప్పుడు సిమెంటుకి పట్టు దొరుకుతుంది. పైపు చుట్టూ స్లాబుని వి ఆకారంలో చెక్కి, కుంచించుకుపోని గ్రౌటు కూరి, కర్రతో పొడిచి గట్టిపరిచాం. ఇంతా చేస్తే ఖర్చు పెద్దగా ఉండదు. పట్టేది ఓపికే.

తర్వాత మూలలు. గోడ, నేల కలిసే చోట పూత తొంభై డిగ్రీల మడత తిరిగితే ముందుగా చిట్లేది అక్కడే. మూలలన్నిటికీ సిమెంటుతో గుండ్రటి గోలా కట్టి, దాని మీద ఫైబర్ జాలీ పట్టీ అంటించాం. పూత రెండు చేతులు. మొదటిది పొడుగువాటంగా, అది ఆరాక రెండోది అడ్డంగా. గోడల మీదికి నేల మట్టం దాటి అడుగు పైదాకా, స్నానం చేసే వైపు భుజం ఎత్తు దాకా. కొడుకు సెలవు మీద ఉన్నాడు కాబట్టి గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాడు. డబ్బులు పెట్టేవాళ్లు కళ్లారా చూడాల్సిన పని ఏదైనా ఉంటే ఇదే. టైల్స్ ఎలాగూ రోజూ చూస్తారు.

పూతల్లో రకాలున్నాయి. కొన్ని డబ్బాలు 48 గంటలంటాయి, కొన్ని మూడు రోజులు, కొన్ని ఇంకా ఎక్కువ. ఈ ఇంటి క్యాలెండర్‌కి సరిపోయేది చూసే 48 గంటల రకం తెప్పించాం.

సాయంత్రం తలుపు మూసి, పాప ఒక కాగితం మీద "లోపలికి పోవద్దు, ఆరుతోంది" అని రాసి అంటించింది.

ఆదివారం వచ్చి పని చేస్తానని మేస్త్రీ అడిగాడు, డబుల్ కూలీ వస్తుందని. చేయడానికి ఏమీ లేదు. వాళ్లు వనభోజనాలకి పోయారు, పూత తన పాటికి తను ఆరింది.

ఉపవాసం రోజు వంటిల్లు

వంటింట్లో పని పెట్టుకుంటే ఇంటి ఆడవాళ్లకి ఎక్కడలేని టెన్షన్. టిఫిను, లంచ్ బాక్సులు, రాత్రి వంట. పొయ్యి ఖాళీగా ఉండేది ఎప్పుడు? ఈ ఇంట్లో ఆ జవాబు పంచాంగంలోనే ఉంది. కార్తీక సోమవారం పొయ్యి మీద పొద్దున పాప బాక్సు ఒక్కటే. ఆ తర్వాత చీకటి పడేదాకా వంట లేదు. కోడలికి ఆఫీసు రోజు కూడా.

తొమ్మిదిన్నరకి సింకు ఊడదీశారు. పాత గ్రానైటు గట్టు గట్టిగానే ఉంది, దాన్ని మార్చొద్దన్నాను. వంటిల్లు అనగానే గట్టు పగలగొట్టి కొత్త రాయి వేయించాలనుకుంటారు; గ్రానైటుకి పాతబడటం అంటూ ఉండదు. సింకు కింది పైపు కీలు, సింకు అంచు రెండూ కారుతున్నాయి, అంతే. చెక్క అల్మరా అడుగు తీసేసి, నేల నుంచి నాలుగంగుళాలు ఎత్తులో తడికి ఉబ్బని పీవీసీ బోర్డు వేయించాం. చిమ్నీ గొట్టానికి ఆరంగుళాల రంధ్రం కోర్ కట్టర్‌తో కోశారు. ఆ ఒక్క గంట మోత. అదే రోజు ఎలక్ట్రీషియన్ బాత్రూం గీజరుకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో విడి లైను లాగి, బోర్డులో కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టాడు. ఆ పాత బోర్డులో అసలు అది లేనే లేదు. అంతకాలం ఆ ఇంట్లో అందరూ తడి చేతులతో గీజరు స్విచ్ వేస్తున్నారు. నాకైతే సీలింగ్ పెచ్చుల కన్నా అదే ఎక్కువ భయం పుట్టించింది.

అయిదింటికి వంటింట్లోంచి అందరూ బయటికి రావాలని ముందే అనుకున్నాం. రాత్రి భోజనానికి పెద్దావిడ పప్పు, కూర చేయాలి. పొయ్యి ఇచ్చేశాం కానీ సింకు ఇవ్వలేకపోయాం. అంచుకి పెట్టిన సిలికాన్ ఒక రోజంతా తడవకూడదు. గిన్నెలు ఆ రాత్రి వాష్ ఏరియాలో తోముకున్నారు. ఇది ముందే చెప్పి ఉంచడంతో ఎవరూ మొహం మాడ్చుకోలేదు.

టైల్స్ వేసే అతను ఆ సాయంత్రం కొలతలకి వచ్చాడు, రాజస్థాన్ మనిషి. పెద్దావిడ హైదరాబాదీ హిందీలో "చాయ్ పియో బేటా" అని, తను మాత్రం మంచినీళ్లతో కూర్చుని, గుంటూరు వైపు చుట్టాల పెళ్లి కబుర్లన్నీ అతనికి చెప్పింది. అతనికి ఎంత అర్థమయిందో కానీ తల ఊపుతూనే ఉన్నాడు.

నీళ్ల పరీక్ష

సోమవారం రాత్రి ఎనిమిదింటికి పూత మీద రెండంగుళాల నీళ్లు నిలబెట్టాం. ఆ గుంటకి దాదాపు 150 లీటర్లు, బోరు నీళ్లే. చాలామంది గోడ మీద గీత పెట్టి మర్నాడు చూసి, కాస్త తగ్గితే "ఆవిరైపోయింది" అంటారు. అది నిజంగా ఆవిరో, లీకో తెలియాలంటే ఒక చిన్న ఏర్పాటు చాలు. అదే నీళ్లలో ఒక ప్లాస్టిక్ టబ్బు బరువు పెట్టి నిలబెట్టి, దాన్లోనూ నీళ్లు నింపి, లోపలా బయటా రెండు చోట్లా స్కేలు అంటించాలి. ఆవిరైతే రెండూ ఒకేలా తగ్గుతాయి. లీకైతే బయటిది ఎక్కువ తగ్గుతుంది.

రీడింగులు రాసే పని పాప తీసుకుంది. స్కూలుకి పోయేముందు, వచ్చాక, లెక్కల నోట్సు చివరి పేజీలో. మంగళవారం రాత్రికి టబ్బులో ఒక మిల్లీమీటరు, బయట ఒక మిల్లీమీటరు.

అదే రోజు కింది ఫ్లాటు ఆయన పైకొచ్చారు. "ఇంకా చెమ్మ అట్లనే ఉంది కదండీ." ఆయన చెప్పింది నిజమే. ఏళ్లుగా తడిసిన స్లాబు వారంలో ఆరదు. కిందికి వెళ్లి పెన్సిలు గీత దగ్గర టార్చి వేసి చూపించాను. మరక అంచు మొదటి గీతకి రెండు వేళ్లు లోపలికి వెళ్లింది. అక్కడ రెండో గీత గీసి తేదీ వేశాను. ఆయన పూర్తిగా నమ్మలేదు, నమ్మక్కర్లేదు కూడా. గీతలు ఆయన ఇంట్లోనే ఉంటాయి, రోజూ చూసుకోవచ్చు.

బుధవారం నీళ్లు తోడేసి గుంట నింపాం. ఈసారి ఇటుక ముక్కలకి బదులు ఏఏసీ బ్లాకు (గాలి బుడగలతో తేలికగా ఉండే సిమెంటు ఇటుక) ముక్కలు వాడాం. అవి ఘనపు మీటరుకి 550 నుంచి 650 కిలోలే, కాబట్టి స్లాబు మీద పాత బరువులో సగం కూడా పడదు. ఇవీ నీళ్లు పీలుస్తాయి. అందుకే పైన వేసిన కాంక్రీటు మీద మళ్లీ ఇంకో వాటర్‌ఫ్రూఫ్ పొర తప్పదు. ఆ ఖర్చు తగ్గిద్దామంటే ఒప్పుకోవద్దు. వాటం ట్రాప్ వైపు, పొడుగు మొత్తానికి అంగుళం. ట్యూబ్ లెవెల్‌తో చూసి, ఒక చెంబు నీళ్లు గుమ్మం దగ్గర పోసి అవి తిన్నగా ట్రాప్‌కే పోతున్నాయో లేదో చూశాం.

తర్వాతి రోజులు

టైల్స్, గ్రౌటు, ఫిట్టింగులు ఆ తర్వాత నిదానంగా సాగాయి. కోత టెర్రస్ మీదే కాబట్టి ఇంట్లోవాళ్లకి పెద్దగా తెలియలేదు. నేలకి అడుగు అడుగు మ్యాట్ టైల్స్, జారనివి. పెద్ద టైలు వేస్తే వాటం సరిగా రాదు. గుమ్మం దగ్గర మెట్టు తీసేసి అరంగుళం దిగుడు మాత్రం ఉంచాం.

కమోడ్ పక్కన గోడకి పట్టుకునే కడ్డీ విషయంలో పెద్దావిడ అడ్డం తిరిగింది. "ఆసుపత్రి లెక్క కొడ్తది, నాకొద్దు." టైల్స్ వేయకముందే ఆవిడని స్టూలు మీద కూర్చోబెట్టి, లేచేటప్పుడు చెయ్యి తనంతట తనే ఎక్కడికి పోతుందో చూశాం. గోడ మీద సుద్దతో గుర్తు పెట్టి, ఆ చోట గట్టి సిమెంటు నింపించి ఉంచాం. కడ్డీ తర్వాతైనా బిగించుకోవచ్చని చెప్పాం. రెండు రోజులు ఆగి ఆవిడే అడిగి బిగించుకుంది. ఇప్పుడు దాని మీద తువ్వాలు ఆరేస్తోందని కోడలు చెప్పింది. ఆరేసుకోనీ, మనిషి బరువు మోసే కడ్డీ తువ్వాలు మోయలేదా.

ఖర్చు అంతా కలిపి రెండు లక్షలకి కాస్త లోపే. అందులో సగానికి పైగా ఇప్పుడు కంటికి కనిపించని వాటికే పోయింది. కూల్చడం, మట్టి మోయడం, పైపులు, పూతలు, వైరింగు. ఎవరైనా కొటేషన్ ఇచ్చినప్పుడు టైల్స్ ధర పక్కన పెట్టి ముందు ఈ భాగం ఎంత ఉందో చూడండి. మరీ తక్కువ ఉంటే ఏ పని వదిలేస్తున్నారో అడగండి.

కింది ఫ్లాటు సీలింగ్ మిగిలింది. వదులుగా ఉన్న పెచ్చులన్నీ కొట్టేసి, ఊచలకి వైరు బ్రష్షు కొట్టి, తుప్పు ఆపే పూత రాశాం. ప్లాస్టరింగ్, లప్పం, పెయింటు వెంటనే చేసిపెట్టమని ఇటు కొడుకు, అటు కింది ఆయన ఇద్దరూ అడుగుతున్నారు, ఆ గొడవ ఎప్పుడు ముగుస్తుందా అని. తడి మీద లప్పం పెడితే సంక్రాంతిలోపే ఉబ్బి రాలుతుంది. పెన్సిలు గీతలు ఇప్పటికి నాలుగయ్యాయి, చివరిది అరచేయంత ఉంది. అదీ ఆరాక పెయింటర్‌ని పంపుతానని ఇద్దరికీ ఒకే వాట్సాప్ మెసేజ్ పెట్టాను.